రింగుల జుట్టుకు ఏ నీళ్ళు

12 జూన్ 2005, ఆదివారం. మదనపల్లె

రేపటి నుంచి నందినికి బడి. నాలుగో తరగతి. పెళ్ళయి నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండు రోజులు.

పుంగనూరు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి, ఏ రోజు ఏ సీసాలో ఏం కలిపానో రాసుకోవడం అలవాటు. ఇంటికీ ఒక నోటుపుస్తకం ఉంటే మంచిదనిపించింది. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి దస్తూరీ ఎలా ఉన్నా ఫరవాలేదు.

పొద్దున నందినిని తల దువ్వడానికి పిలిచాను. వచ్చి కూర్చుంది. పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది, మాట మాత్రం ఆడదు. నన్ను ఏమనీ పిలవదు. మూడేళ్ళ కిందట తల్లిని పోగొట్టుకున్న పిల్ల. ఇరవై రెండు రోజుల్లో పిలవాలని నేనూ అనుకోవడం లేదు.

జుట్టే నన్ను భయపెట్టింది. భుజాల దాకా రింగులు. నిద్ర లేచేసరికి ఒక పక్క అణిగిపోయి, ఇంకో పక్క లేచి నిలబడి ఉంది. నాది మా అమ్మ పోలిక, నున్నటి జుట్టు. దువ్వెన పెడితే దానంతట అదే జారిపోతుంది. ఇలాంటి తల నా చేతికి రావడం ఇదే మొదలు. దువ్వెనకు రెండు పళ్ళు విరిగాయి. పిల్ల ఏడవలేదు. రెండు చేతులతో పీటను పట్టుకుని కూర్చుంది.

"అది వాళ్ళమ్మది. మునిలక్ష్మి జుట్టూ అచ్చం ఇంతే," అంది మా అత్త గౌరమ్మ, గడపలో అనపకాయలు ఒలుస్తూ. "దువ్వెనకి లొంగేది కాదు ఉషా. నూనె పోసి, బిగిచ్చి జడెయ్యి. మూడు దినాలు కదలదు."

అలాగే చేశాను. బిగించిన బిగింపుకు పిల్ల కనుబొమలు పైకి లేచాయి.

15 జూన్

బడిలో దాన్ని 'కొబ్బరిపీచు' అంటున్నారట. పక్కింటి రేష్మ కూతురు అదే తరగతి, ఆ పిల్ల చెప్పింది. నందిని చెప్పలేదు.

18 జూన్, శనివారం

పుంగనూరు బస్టాండు పక్కన ఆదెప్ప సెలూను ఉంది. బస్సు కోసం నిలబడి చూస్తుంటే, ఆదెప్ప ఎవరి తలకో సీసాతో సన్నగా నీళ్ళు చల్లుతున్నాడు. ఆ నీళ్ళు పడగానే జుట్టు మాట విన్నట్టు కిందికి దిగింది. ఆడమనిషినై ఉండి సెలూను గడప దగ్గరికి పోయి అడగడానికి కొంచెం సంకోచించి, చివరికి అడిగాను.

"రింగుల జుట్టా? పొడిగా ఉన్నెప్పుడు దువ్వకూడదమ్మా," అన్నాడు. "తడిపి, వేళ్ళతో ఇడదియ్యల్ల. రోజూ తలకి పోయబన్లేదు. పొద్దున్నే ఇట్ల చల్లితే పండుకున్న రింగు మళ్ళా లేస్తాది. దువ్వెన యాల?"

లోపలి నుంచి ఒక కొత్త సీసా తెచ్చి ఇచ్చాడు.

19 జూన్, ఆదివారం

1. ఉత్త నీళ్ళు.

చల్లితే రింగులు నిజంగానే లేచాయి. వేళ్ళతో చిక్కు తీస్తే పావుగంట పట్టింది, ఒక్క వెంట్రుక తెగలేదు. ఆరేసరికి మాత్రం మళ్ళీ పొగలా లేచింది.

చల్లుతున్నంతసేపూ నందిని కళ్ళు మూసుకుంది. తరువాత తెరిచి, అద్దంలో నన్ను చూసి, "అట్ల కాదు" అంది.

నాతో నేరుగా ఆడిన మొదటి మాట. ఎట్ల మరి అని అడిగాను. పీట దిగి వీధిలోకి పోయింది.

వాళ్ళమ్మ వేరేగా చేసేదేమో. వేరే ఏమైనా కలిపేదేమో. ఏది బాగుంటుందో ఒకటొకటిగా చూస్తే తెలిసిపోతుంది. మూడు గళ్ళు గీశాను. పొద్దున ఎలా ఉంది, బడి నుంచి వచ్చాక ఎలా ఉంది, పిల్ల ఏమంది.

3 జూలై, ఆదివారం

2. పన్నీరు, గ్లిజరిన్, నీళ్ళు. చిన్న గిన్నెడు నీళ్ళకు గ్లిజరిన్ పది చుక్కలు.

తుంపర పడిన రోజుల్లో చాలా బాగుంది. రింగులు మెత్తగా, ఒకదానికొకటి అంటకుండా నిలిచాయి. పొడిగాలి వీచిన రోజు సాయంత్రానికి జిడ్డు, దాని మీద దుమ్ము. చుక్కలు పదినుంచి నాలుగుకు తగ్గించాను. కొంచెం మేలు.

మూడో గడి: అట్ల కాదు.

4 జూలై

మునిలక్ష్మి తలకు ఏం వాడేదని ఆయన్ని అడిగాను. "నాకేం తెలుసు ఉషా, పొద్దున ఐదుకే మండీకి పోతాంటి," అన్నారు. ఆయన టమాటా మండీలో గుమాస్తా. నిజమే, ఆయనకేం తెలుస్తుంది.

17 జూలై, ఆదివారం

3. గంజి నీళ్ళు, పలచగా.

వద్దు. ఆరాక తెల్లటి పొట్టు రాలింది. బడిలో పేల ఈపి అనుకున్నారట. పక్కన కూర్చునే పిల్లను టీచరు వేరే బెంచీకి మార్చింది. నందిని ఆ సాయంత్రం తనే తల తడుపుకుని వచ్చి నా ముందు పీట వేసుకుంది. కడిగాను. మూడుసార్లు కడిగాను.

గడి ఖాళీ.

31 జూలై, ఆదివారం

4. అవిసె గింజలు ఉడకబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టిన జిగురు. ఒకటికి మూడు పాళ్ళు నీళ్ళు.

ఇప్పటిదాకా ఇదే మేలు. సాయంత్రం దాకా రింగు రింగులాగే ఉంది. రెండు లోపాలు. సీసా మూతి రోజూ పూడుకుపోతోంది, సూదితో పొడవాలి. మూడో రోజుకు వాసన వస్తోంది. రెండు రోజులకొకసారి కొత్తగా చేస్తున్నాను. కాలేజీకి పోయే ముందు పొయ్యి మీద గింజలు, పక్కన అన్నం.

"అన్నం కంటే దానికే ఎక్కువ నిలబడతాండావు," అంది అత్త. కోపంగా అనలేదు.

"సూద్దాం అత్తా, ఏదో ఒకటి కుదరల్ల గదా."

"కుదిరితే మాత్రం అది నిన్ను అమ్మా అంటాదా?"

అందుకోసం కాదని చెప్పాను. నిజంగానే అందుకోసం కాదు. జుట్టు కోసమే.

మూడో గడి: అట్ల కాదు.

14 ఆగస్టు, ఆదివారం

5. కువైట్ సీసా.

కువైట్ నుంచి రేష్మ వాళ్ళ అన్న సెలవు మీద వచ్చాడు. నేను వదిలిపెట్టేటట్టు లేనని చూసి రేష్మ ముందే ఫోనులో చెప్పి పెట్టిందట. పచ్చటి సీసా, మీద అరబ్బీ అక్షరాలు, రింగుల జుట్టున్న ఒకామె బొమ్మ. తలకు పోసుకున్న రెండో రోజు, మూడో రోజు చల్లి, గుప్పిట్లో పట్టి నలిపి వదలమని ఇంగ్లీషులో రాసి ఉంది.

"అక్కా, ఇదైతే ఖాయం," అంది రేష్మ. "మా వదినెది గూడా ఇదే జుట్టు. ఆడ అందురూ ఇదే వాడతారంట."

కొబ్బరి వాసన. శుక్రవారం చల్లిన ఐదు నిమిషాలకే అద్దంలో వేరే పిల్ల కనబడింది. ఒక్కో రింగూ విడివిడిగా, మెరుస్తూ. రేష్మ కూతురు ముట్టుకుని చూసి, తనకూ చల్లమంది. బడి నుంచి వచ్చాక కూడా అలాగే ఉంది. ఎవరూ ఏమీ అనలేదట.

నందిని చాలాసేపు అద్దం చూసుకుంది.

"బాగుంది," అంది. ఆ తరువాత, "అయినా అట్ల కాదు."

21 ఆగస్టు, ఆదివారం

కుప్పం నుంచి మారెమ్మ ఫోను చేసింది, మునిలక్ష్మి తల్లి. ఆయన మాట్లాడారు. దసరా సెలవులకు నందినిని పంపితే ఆ తరువాత అక్కడే బడిలో చేర్చి పెంచుకుంటానంది. నాకు ఒక్కగానొక్క కూతురు పోయింది, దాని బిడ్డనైనా నా కళ్ళ ముందు పెట్టుకుంటాను అందట.

"ఏమంటావు?" అని అడిగారు ఆయన. "పిల్ల ఈడ ఎవురితో మాట్లాడదు. ఆడ అవ్వతో అయినా మాట్లాడతాదేమో. నీకూ తేలికయితాది."

మీ ఇష్టం అన్నాను.

22 ఆగస్టు

తేలికే. పొద్దున గంట మిగులుతుంది.

11 సెప్టెంబరు, ఆదివారం

ఐదింటినీ మళ్ళీ ఒక్కో వారం వాడి చూడాలనుకున్నాను, కుప్పం పోయేటప్పుడు ఏది పంపాలో తెలియాలి కదా. గంజి వదిలేశాను. అవిసె జిగురులో గ్లిజరిన్ రెండు చుక్కలు కలిపితే కువైట్ సీసాకు దాదాపు సమానం. కాకపోతే మారెమ్మకు రెండు రోజులకొకసారి ఉడకబెట్టే ఓపిక ఉంటుందో లేదో. కువైట్ సీసానే పంపుతాను. ఇంకా ముప్పావు ఉంది.

రోజూ వేళ్ళతో చిక్కు తీస్తుంటే పిల్ల ఇప్పుడు పీటను పట్టుకోవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంటోంది. నిన్న కూర్చునే నిద్రపోయింది. ఇది జుట్టు సంగతి కాదు, ఊరికే రాశాను.

6 అక్టోబరు, గురువారం. కుప్పం

ఆయనకు మండీలో పని తెగలేదు. నేనే తీసుకొచ్చాను. పొద్దున ఏడు గంటల బస్సు. పుంగనూరులో ఆగినప్పుడు అదిగో ఆ రోడ్డున పోతే మా కాలేజీ అని చూపించాను. తల తిప్పి చూసింది. పలమనేరు దాటాక నిద్రపోయింది. కిటికీ ఊచకు తల కొట్టుకుంటుంటే మధ్యలో నా చెయ్యి పెట్టాను. వి.కోట వచ్చేసరికి చెయ్యి తిమ్మిరెక్కింది.

మారెమ్మ ఇల్లు రైల్వేస్టేషను వెనక. వరండాలో ఇద్దరు ఆడవాళ్ళతో కూర్చుని ఊదొత్తులు చుడుతోంది. మోచేతుల దాకా నల్లటి పిండి. నందిని పరుగెత్తుకుపోయి వెనక నుంచి మెడ పట్టుకుంది. మారెమ్మ చేతులు రెండూ గాలిలోకి ఎత్తి, "అంటుకుంటాదే బంగారూ," అంటూ చెంపతోనే పిల్ల చెంపను రుద్దింది. ఈ ఇంట్లో దాని నోట మాట వినబడింది. అవ్వా, అవ్వా అని ఏవేవో చెప్పింది. నేను గడపలో నిలబడి విన్నాను.

అన్నాలయ్యాక పిల్ల వీధిలోకి పోయింది. అప్పుడు అడిగాను.

"అమ్మా, ఒక మాట. నందినికి వాళ్ళమ్మ తలకి ఏం చల్లేది? నేను ఏది చల్లినా అట్ల కాదంటాది. నాలుగు నెలలుగా సూస్తాండా, నాకు అంతు దొరకలేదు."



"మునిలక్ష్మి దానికి తల దువ్విందే తక్కువమ్మా. బిడ్డకి నాలుగేండ్లకే అది మంచం పట్టె. మీ అత్తో నేనో నూనె పెట్టి జడేస్తాంటిమి, అంతే." చీరచెంగుతో మెల్లగా చేతులు తుడుచుకుంది. "చల్లింది ఎవురో తెలుసునా? ఇదే. వేలూరు ఆస్పత్రిలో నర్సమ్మ ఒగ సీసా ఇచ్చింది ఆడుకొమ్మని. ఈ బిడ్డ మంచమెక్కి, వాళ్ళమ్మ ఎనకాల కూసోని, తలకి నీళ్ళు చల్లి, ఒగొగ రింగూ ఏలికి సుట్టి వదిలేది. మునిలక్ష్మి కండ్లు మూసుకోని నవ్వేది. నా బిడ్డకి అదొగటే సుఖం. కడాకి మందులకి జుట్టంతా రాలిపాయ. అయినా ఇది చల్లడం నిలపలేదు. ఉత్త తలకే చల్లేది."

మారెమ్మ లేచి వెళ్ళి పిండి తడిపింది.

7 అక్టోబరు. బస్సులోనే రాస్తున్నాను

నందినిని వదిలి వస్తున్నాను. అనుకున్న మాట మార్చడం మర్యాద కాదు. అవ్వ దగ్గర మాట్లాడుతోంది, నవ్వుతోంది, అంతకంటే ఏం కావాలి. కువైట్ సీసా ఎలా వాడాలో మారెమ్మకు చెప్పాను. చల్లేది దేనికో ఇప్పుడు తెలిసినా, జుట్టుకు చల్లక తప్పదు కదా.

బస్సు కదిలేటప్పుడు పిల్ల చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు.

12 అక్టోబరు

విజయదశమి. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

16 అక్టోబరు, ఆదివారం

పొద్దున గంట మిగులుతోంది. మిగిలిన గంటలో అవిసె గింజలు ఉడకబెట్టాను. ఎందుకో తెలియదు, చెయ్యి అలవాటు. పారబోయడం ఇష్టం లేక నా తలకే చల్లుకున్నాను. నున్నటి జుట్టు మీద అది జిగురు, అంతే.

అత్త చూసి, కుంకుడుకాయలు నానబెట్టింది.

30 అక్టోబరు, ఆదివారం

దీపావళికి బట్టలు పంపాలని నేనే కుప్పం ఫోను చేశాను. పిల్ల ఎలా ఉందని అడిగాను.

"ఉండాదమ్మా. మొదట్లో నాలుగు దినాలు బాగా మాట్లాడె. ఇప్పుడు మళ్ళా నోరు మూసుకుంది. బడికి పోతాది, వస్తాది, నీ సీసా ఒళ్ళో పెట్టుకోని కూసుంటాది," అంది మారెమ్మ. "తల కత్తిరిచ్చేసినా. పేలు పడినాయి. నా చేతులతో ఆ జుట్టు నా వల్ల కాదమ్మా, పిండి చేతులు. మగపిల్లోని మాదిరి కత్తిరిచ్చినారు. సులువుగా ఉండాది."

మంచిపని చేశారు అన్నాను. ఫోను పెట్టేశాను.

ఎండాకాలానికి వెంట్రుకలు చెవుల దాకా వస్తాయి.

5 నవంబరు, శనివారం

మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చినప్పుడు చెప్పాను.

"రేపు నేను కుప్పం పోతాండా. నందినిని తీసుకొస్తా."

"యాల? ఆడ బడికి పోతాండాది గదా."

"జుట్టు కత్తిరిచ్చినారంట."

"కత్తిరిస్తే ఏమి? మళ్ళా మొలుస్తాది."

"మొలిచేటప్పుడు నేనుండల్ల."

ఆయన కంచంలోకి చూస్తూ అన్నం కలిపారు. చాలాసేపు కలిపారు. నా మాట నాకే కొత్తగా ఉంది. ఇంతకాలం ఈ పుస్తకంలో కూడా అలా రాయలేదు.

ఇక్కడి బడిలో టీసీ తీసుకున్నారా అని అడిగాను. ఇంకా తీసుకోలేదన్నారు. నెల రోజులుగా రోజూ బడి ముందు నుంచే మండీకి పోతారు. ఎందుకు తీసుకోలేదని నేను అడగలేదు.

అత్త వంటింట్లోంచి అంది. "తెచ్చేటట్టయితే బిర్నా తే, తడవు చెయ్యొద్దు. మారెమ్మకి రెండు మంచి మాటలు చెప్పి తే. ఆయమ్మదీ కడుపే."

6 నవంబరు, ఆదివారం. కుప్పం

వరండాలో మారెమ్మ ఒక్కతే ఉంది. నన్ను చూడగానే చేతిలోని పుల్లను పక్కన పెట్టింది.

"వస్తావనే అనుకుంటి," అంది. "ఫోను ఊరికే పెట్టేసినప్పుడే అనుకుంటి."

"అమ్మా, పిల్లని నాతో పంపిస్తావా?"

స్టేషనులో ఒక గూడ్సు బండి మొత్తం పోయింది.

"నా బిడ్డ ముఖం దాంట్లో సూసుకుందామని పిలిపిస్తి. అది మాత్రం దినామూ తలుపు పక్కే సూస్తాండాది. నాకు కోపమొచ్చె. తరవాత తెలిసె." కొంగుతో కళ్ళు ఒత్తుకోబోయి, చేతులకు పిండి ఉందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది. "సెలవులకి పంపల్ల. ప్రతి సెలవుకీ. మాట ఇయ్యి."

ఇచ్చాను.

"సరే, దాన్ని అడుగు. రానంటే బలవంతం వద్దు."

నందిని లోపల మంచం మీద కూర్చుని ఉంది. తల చిన్నదైపోయింది. చెవులు, మెడ, అన్నీ కనబడుతున్నాయి. రింగు ఒక్కటీ లేదు. చూడగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని బస్సులో భయపడ్డాను. తిరగలేదు. ఆ ముఖం నాకు బాగా తెలిసిన ముఖమే.

"మదనపల్లెకు పోదామా?" అన్నాను.

నేను మంచం అంచున, దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక అలా కూర్చున్నానని రాసుకుంటే సగమే నిజం.

కొంచెంసేపటికి మంచం కదిలింది. వెనక మోకాళ్ళ మీద లేచినట్టుంది. కొబ్బరి వాసన వచ్చింది.

"తల ఒంచు," అంది.

ఒంచాను. జడ విప్పింది. చన్నీళ్ళు మెడ మీద పడ్డాయి. చిన్న వేళ్ళు ఒక్కో పాయనూ తీసి, చుట్టి, వదిలాయి. వదిలిన పాయ వదిలినట్టే జారిపోయింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ జారింది.

"నీ జుట్టు నిలబడదు," అంది.

"నిలబడదు. ఇంగొగసారి సూడు."

సీసాలో ఉన్నదంతా అయిపోయేదాకా చూసింది. మారెమ్మ వాకిట్లో నిలబడి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళి, పిల్ల బట్టలు సంచిలో సర్దింది.

రెండు గంటల బస్సుకు బయలుదేరుతున్నాం.

7 నవంబరు, సోమవారం. మదనపల్లె

నందిని బడికి పోయింది. పోయే ముందు ఆదెప్ప ఇచ్చిన సీసాలో ఉత్త నీళ్ళు పట్టుకుని వచ్చి, పీట మీద నన్ను కూర్చోబెట్టింది. అత్త అనపకాయల చేట పక్కన పెట్టి చూసింది. ఆయన మండీకి ఆలస్యమైనా గడపలో నిలబడ్డారు.

జడ వేసుకోవడానికి టైము లేదు. తడి తలతోనే బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి తగలకుండా అద్దం మూసి కూర్చున్నాను. పుంగనూరు చేరేదాకా ఆరలేదు.